అంకెలలోని ఛాయాచిత్రాలు – వాటి చిరరక్షణ

కరీంనగరు జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల అనే గ్రామమున్నది. దాని సమీపంలోని బొమ్మలమ్మగుట్ట మీద, రాతిపై జైన విగ్రహాలు, వాటితోపాటు ఒక శాసనం చెక్కబడి ఉన్నవి. 10వ శతాబ్ది మధ్యకాలంలో జినవల్లభుడు ఆ శాసనాన్ని వేయించినాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలూ కలిసిన ఆ శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలున్నవి. జినవల్లభుని అన్న పంపకవి. ఆయన వేములవాడ చాళుక్యరాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి కన్నడంలో విక్రమార్జున విజయం రచించినాడు.

అన్నదమ్ముల మాటలు రెండూ వెయ్యేండ్లు దాటి నేటివరకు వచ్చినవి. కాని అవి వచ్చిన దారులు వేరు. తమ్ముని పద్యాలను కాపాడినది రాతి గట్టితనం. ఎవరు పట్టించుకొన్నా, పట్టించుకోకపోయినా ఆ అక్షరాలు అక్కడనే నిలిచినవి. అన్నగారి కావ్యాన్ని కాపాడినది తాటాకు గట్టితనం కాదు. తాటాకు కొన్ని వందల ఏండ్లకు మించి నిలువదు. ఒక ఆకు శిథిలం కాకముందే మరొక ఆకు మీదికి కావ్యాన్ని ఎక్కించిన లేఖకుల శ్రద్ధయే దానిని కాపాడినది. రాతికి ప్రతి ఒక్కటే. అది పగిలితే రెండవది లేదు. ఆకుల కావ్యానికి ఊరూరా ప్రతులుండవచ్చు. కాని ఒక్క తరం అశ్రద్ధ చేస్తే అది అంతరించిపోతుంది.

ఈనాడు ఫోనులతోను, కెమెరాలతోను తీస్తున్న ఛాయాచిత్రాలు ఈ రెండు దారులలో ఏ దారిన ముందు తరాలకు చేరగలవు? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకొనుటకు ముందు, ఉత్తర తెలంగాణలోనే జరిగిన మరొక విషయం గమనించడం మంచిది.

మార్లవాయి చిత్రాలు

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం మరణించిన తరువాత, ఆదిలాబాదు గోండుల స్థితిగతులను పరిశీలించే పనిని నిజాం ప్రభుత్వం ఒక మానవశాస్త్రజ్ఞునికి అప్పగించింది. ఆయన వియన్నాలో 1909లో జన్మించిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆయన మార్లవాయి గ్రామంలో నివసించి, రాజగోండుల జీవితాన్ని అధ్యయనం చేసినాడు. పండుగలు, పెండ్లిండ్లు, పొలం పనులు, దండారి నాట్యాలు – ఇవన్నీ ఆయన కెమెరాలోకి ఎక్కినవి. ఆయన తరువాత లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో ఆచార్యుడైనాడు. ఆయన ఛాయాచిత్రాలు, చలనచిత్రాలు, దినచర్య పుస్తకాలు ఆ సంస్థ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నవి. వేలకొలది చిత్రాలను ఆ సంస్థ అంకెల రూపంలోకి మార్చి అందరికీ చూపుతున్నది. అందువల్ల ఎనభై ఏండ్ల క్రిందటి మార్లవాయి ఎట్లుండెనో ఈనాటి మార్లవాయి పిల్లలు చూడగలరు.

ఇప్పుడు అదే ఊరికి సంబంధించిన ఇటీవలి చిత్రాలను తలచుకొనండి. మార్లవాయికి చెందిన గుస్సాడీ నాట్య గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూసినాడు. ఆయన అడుగులను, నెమలి ఈకల తలపాగాను ఎందరో తమ ఫోనులతో చిత్రించి ఉంటారు. అట్లే, ఇంద్రవెల్లి మండలం కేస్లాపూరులో మెస్రం వంశీయులు నాగోబాకు రాతితో నిర్మించిన కొత్త ఆలయం 2022 డిసెంబరులో ప్రారంభమైనది. దానికి ముందున్న గుడి ఎట్లుండెనో చెప్పగలవి పెద్దల జ్ఞాపకాలు, కొన్ని ఫోటోలు మాత్రమే. ఈ చిత్రాల సంఖ్య హైమన్‌డార్ఫ్ చిత్రాల సంఖ్య కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా 2100 నాటికి ఏవి మిగులుతాయి? 1940ల నాటివి మిగిలి, 2020ల నాటివి మాయమయ్యే ప్రమాదం లేకపోలేదు. దానికి కారణం ఈ చిత్రాల నిర్మాణంలోనే ఉన్నది.

చిత్రం అంకెలుగా మారడం

పాతకాలపు ఫిల్ముపై వెండి లవణాలు కాంతికి మారి చిత్రమయ్యేవి. నేటి కెమెరాలో ఫిల్ముకు బదులు లక్షలాది సూక్ష్మమైన కాంతిగ్రాహకాలు గల ఒక పలక ఉంటుంది. ఒక్కొక్క గ్రాహకంపై ఎంత కాంతి పడినదో కొలిచి, ఆ కొలతను యంత్రం ఒక అంకెగా వ్రాసుకొంటుంది. చిత్రంలోని ఒక్కొక్క చుక్కను పిక్సెలు అంటారు. ప్రతి పిక్సెలుకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వర్ణాల పాళ్ళను తెలిపే మూడు అంకెలుంటాయి. సాధారణంగా ఒక్కొక్క అంకె 0 నుండి 255 వరకు ఉంటుంది. ఇంతటి అంకెను వ్రాయడానికి పట్టే చోటును బైటు అంటారు.

అడ్డంగా 4,000, నిలువుగా 3,000 పిక్సెళ్ళున్న చిత్రంలో మొత్తం 1 కోటి 20 లక్షల పిక్సెళ్ళుంటాయి. ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున 3 కోట్ల 60 లక్షల బైట్లు, అంటే 36 మెగాబైట్లు కావలెను. ఇంత చోటు ప్రతి చిత్రానికి కేటాయించలేక, కంటికి అంతగా తెలియని వివరాలను వదలివేసి చిత్రాన్ని కుదించే పద్ధతి ఒకటి కనిపెట్టినారు. 1992లో ప్రమాణంగా వెలువడిన ఆ పద్ధతి పేరు జేపెగ్. దానివల్ల 36 మెగాబైట్ల చిత్రం నాలుగైదు మెగాబైట్లలో ఇముడుతుంది.

అంకెల చిత్రానికి ఒక గొప్ప గుణమున్నది. నెగటివు నుండి తీసిన ఫోటోను తిరిగి ఫోటో తీస్తే రెండవది మొదటిదానికంటె మసకబారుతుంది. మూడవది మరింత మసకబారుతుంది. అంకెల వరుసను చూచి మరొకచోట వ్రాస్తే మాత్రం రెండింటికీ భేదమే ఉండదు. నూరవ నకలు మొదటి ప్రతితో సమానం. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవలెను. ఫైలును నకలు చేయడం వేరు. జేపెగ్ చిత్రాన్ని తెరచి, మార్చి, మళ్ళీ భద్రపరచడం వేరు. మళ్ళీ భద్రపరచినప్పుడల్లా కుదింపు తిరిగి జరిగి, కొంత వివరం పోతుంది. వాట్సాప్ వంటివాటిలో మామూలుగా పంపిన ఫోటో కూడ దారిలో మరింత కుదించబడుతుంది. కనుక భద్రపరచవలసినది కెమెరానుండి వచ్చిన మొదటి ఫైలునే గాని, చేతులు మారి వచ్చిన ఫైలును కాదు.

ఈ గొప్ప గుణానికి ఎదురుగా ఒక పెద్ద లోపమున్నది. పాత ఫోటో వెలసిపోయినా, మూల చిరిగినా, మిగిలిన భాగంలో తాతగారి ముఖాన్ని గుర్తుపట్టవచ్చు. అంకెల చిత్రం అట్లు మెల్లమెల్లగా వెలసిపోదు. ఉన్నంతకాలం నిన్న తీసినట్లే ఉంటుంది. పోయినప్పుడు ఒక్కసారిగా పోతుంది. జేపెగ్‌లో ఒక అంకె అర్థం ముందరి అంకెలపై ఆధారపడి ఉండడంవల్ల, నడుమ ఒక్క బిట్టు తారుమారైనా అక్కడినుండి క్రిందిభాగమంతా రంగురంగుల చారలుగా మారవచ్చు. పెట్టె అడుగున మరచిపోయిన నెగటివు యాభై ఏండ్ల తరువాత దొరికితే ఉపయోగపడవచ్చు. మరచిపోయిన పెన్ డ్రైవు మీద అంతటి ఆశ పెట్టుకోవడానికి వీలులేదు.

అంకెలు నిలిచే చోటు

అంకెలు గాలిలో నిలువవు. వాటికి ఏదో ఒక పదార్థం ఆధారంగా ఉండవలెను.

హార్డు డిస్కులో గుండ్రని పళ్ళెంపై పూసిన పలుచని అయస్కాంత పొరలో, సూక్ష్మభాగాల అయస్కాంత దిశలుగా అంకెలు వ్రాయబడతాయి. నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరిగే ఆ పళ్ళేనికి తగిలీ తగలనంత ఎత్తున చదివే ముల్లు ఎగురుతూ ఉంటుంది. ఆ ఎత్తు వెంట్రుక మందంలో వేయవవంతు కూడ ఉండదు. తిరుగుతున్న డిస్కు చేయిజారి నేలపై పడితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

పెన్ డ్రైవులు, మెమరీ కార్డులు, ఫోనులు, ఎస్‌ఎస్‌డీలలో తిరిగే భాగాలు లేవు. వాటిలో సూక్ష్మమైన గదులలో ఎలక్ట్రాన్లు బంధించబడి ఉంటాయి. గదిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నవో దానిని బట్టి అంకె ఏదో తెలుస్తుంది. ఒకే గదిలో మూడు బిట్లను ఇమిడ్చే రకంలో ఎనిమిది వేర్వేరు మట్టాలను గుర్తించవలసి ఉంటుంది. కుండలోని నీరు చెమర్చినట్లు ఎలక్ట్రాన్లు మెల్లగా కారిపోతూ ఉంటాయి. వేడి ఎక్కువైతే ఆ కారుట త్వరగా జరుగుతుంది. ఎస్‌ఎస్‌డీల విషయంలో తయారీదారులు పాటించే జెడెక్ ప్రమాణం ఆలోచింపదగినది. ఇండ్లలో వాడే ఎస్‌ఎస్‌డీ తన వ్రాత సామర్థ్యమంతా ఖర్చైన తరువాత, విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల వద్ద ఉంచితే, ఒక్క సంవత్సరం పాటు అంకెలను నిలుపుకోవలెనని మాత్రమే ఆ ప్రమాణం కోరుతున్నది. కొత్తది ఇంతకంటె ఎక్కువకాలం నిలుస్తుంది. కాని ఇది బీరువాలో పెట్టి మరచిపోదగిన వస్తువు కాదని దీనినిబట్టి తెలుస్తున్నది.

సీడీలు, డీవీడీలలో కాంతికి మారే రంగుపొర మీద లేజరుతో వ్రాస్తారు. ఎండ, వేడి, తేమ ఆ రంగును చెరుపుతాయి. పైగా, వాటిని చదివే పరికరం లేని కంప్యూటర్లే నేడు ఎక్కువ. పెద్ద సంస్థలు అయస్కాంత టేపును వాడుతున్నవి. చల్లని పొడి గదిలో దానిని ముప్పై ఏండ్ల వరకు నిలువ ఉంచవచ్చునని అంచనా. కాని దానిని చదివే యంత్రం ఒక పాఠశాల కొనదగినంత చౌక కాదు.

ఇక క్లౌడు. ఆ పేరునుబట్టి ఫోటోలు మేఘాలలో ఉన్నవని విద్యార్థులు అనుకోరాదు. అవి ఎక్కడో ఒక కట్టడంలో, మరొకరి డిస్కుల మీద ఉన్నవి. అమెజాను సంస్థ అటువంటి కేంద్రాలను 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతంలోనే ప్రారంభించింది. అక్కడ శీతలీకరణం, కాపలా, అనేక ప్రతులు ఉంటాయి. కాని ఆ ఏర్పాటు ఒక ఒప్పందం మీద నడుస్తుంది. తెలుగువారెందరో వాడిన ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేని ఉచిత నిలువ 2021 జూన్ 1తో ముగిసింది. రెండేండ్లపాటు వాడని ఖాతాలను తొలగించే నియమాన్ని అదే సంస్థ 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టింది. ఖాతాదారు మరణించి, రహస్యపదం ఇంటివారికి తెలియకపోతే, డిస్కులు భద్రంగా ఉన్నా ఫోటోలు అందవు.

ఎండ, వాన, వరద

రామగుండం, ఆదిలాబాదు ప్రాంతాలలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. రేకుల కప్పు క్రింద, పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో వేడి ఇంకా ఎక్కువ. వేడి పెరిగినకొద్దీ పదార్థాలను చెరిపే రసాయన క్రియల వేగం పెరుగుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని స్థూలంగా చెప్పవచ్చు. కాబట్టి డిస్కుకు ఇంటిలోని చల్లని గది, తూర్పు లేదా ఉత్తరపు గోడ, మూతగల పొడి డబ్బా తగినవి.

వేడి మెల్లగా పనిచేస్తుంది. నీరు ఒక్క రాత్రిలో పనిచేస్తుంది. 2022 జులైలో కడెం జలాశయం గేట్ల మీదుగా నీరు పొర్లింది. ఆ రోజులలోనే గోదావరి వరదకు మంథని పట్టణపు వీధులు మునిగినవి. మధ్య మానేరు వంటి జలాశయాల క్రింద మునిగిన గ్రామాల వారికైతే, ఊరి వీధులు, బొడ్రాయి, బడి ఎట్లుండెనో పిల్లలకు చూపడానికి ఫోటోలే ఆధారం. అట్టి చిత్రాల ప్రతులన్నీ ఒకే బీరువాలో ఉంటే, ఎన్ని ప్రతులున్నా ఒక్క ప్రతితో సమానమే.

ప్రతులెన్ని ఉండవలెను?

ఇది లెక్కవేసి తెలుసుకోదగిన విషయం. ఒక హార్డు డిస్కు ఒక ఏడాదిలో చెడిపోయే అవకాశం 50లో 1 అని అనుకొందాము. అంటే నిలిచే అవకాశం 0.98. ఈ అవకాశం ఏటేటా మారదనుకొంటే, 25 ఏండ్లు నిలిచే అవకాశం 0.98ని 25 సార్లు గుణించగా వచ్చే 0.60. అంటే నూరు డిస్కులలో నలభై, 25 ఏండ్లలో పోతాయి.

రెండు డిస్కులలో ప్రతులుంచి, 25 ఏండ్లు ముట్టుకోకుండా ఉంచితే, రెండూ పోయే అవకాశం 0.4 × 0.4 = 0.16. ఇది నూటికి పదహారు. మూడు ప్రతులుంచితే నూటికి ఆరు. ఇప్పుడు మరొక పద్ధతి చూడండి. రెండే డిస్కులు, కాని ఏటా రెండింటినీ పరీక్షించి, చెడిన దాని స్థానంలో కొత్తది తెచ్చి నకలు చేస్తున్నారు. చిత్రాలు పోవాలంటే రెండూ ఒకే ఏడాదిలో చెడవలెను. ఆ అవకాశం 2,500లో 1. 25 ఏండ్లకు ఇంచుమించు నూటికి 1. మూడు డిస్కులతో ఇట్లే చేస్తే 25 ఏండ్లకు 5,000లో 1.

దీనివలన తేలినదేమి? పరీక్షించని మూడు ప్రతులకంటె ఏటా పరీక్షించే రెండు ప్రతులు మేలు. లేఖకులు తాటాకును మరల వ్రాసి కాపాడిన రహస్యం ఈ లెక్కలో కనిపిస్తుంది. అంకెల చిత్రం నడిచేది పంపకవి దారిలో; జినవల్లభుని దారిలో కాదు.

ఐతే ఈ గుణకారం ఒక షరతు మీద నిలుస్తుంది. ఒక డిస్కు చెడడానికీ, రెండవది చెడడానికీ సంబంధం ఉండరాదు. వరద, అగ్నిప్రమాదం, దొంగతనం, కంప్యూటరులో చొరబడి ఫైళ్ళకు తాళం వేసే వైరసులు ఈ షరతును భంగపరుస్తాయి. అందుకనే అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3–2–1 సూత్రం ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. మూడు ప్రతులు ఉండవలెను. అవి రెండు రకాల సాధనాలపై ఉండవలెను. ఒక ప్రతి వేరే ఊరిలో ఉండవలెను. రైతు విత్తనపు గింజలను కొంత ఇంటి గుమ్మిలో ఉంచి, కొంత వేరొక ఊరి బంధువు ఇంట ఉంచడం వంటిదే ఈ ఏర్పాటు.

ఫోనులోని ఫోటోలు తమంతట తామే క్లౌడులోకి పోతున్నవి గదా, అదే రెండవ ప్రతి గదా అని కొందరనుకొంటారు. అది అద్దంలో ప్రతిబింబం వంటిది. ఫోనులో పొరపాటున ఒక చిత్రాన్ని చెరిపితే, క్లౌడులోనిది కూడ చెరిగిపోవచ్చు. నిజమైన ప్రతి అంటే కంప్యూటరునుండి విడదీసి పక్కన పెట్టినది, ఒకచోటి పొరపాటు మరొకచోటికి పాకనిది.

చెడిన ప్రతిని గుర్తించడం

పరీక్షించవలెనన్నారు, వేలకొలది చిత్రాలను ఒక్కొక్కటిగా తెరచి చూడడం ఎవరి తరం? ఇక్కడ గణితం సాయపడుతుంది.

4, 7, 2, 9 అనే అంకెల వరుసను భద్రపరచుచున్నామనుకొనండి. వాటి మొత్తం 22ను పక్కన వ్రాసి పెట్టుకొందాము. రేపు 7 కాస్తా 1 అయితే మొత్తం 16 వస్తుంది, తప్పు దొరికిపోతుంది. కాని 4, 7 తమలో తాము చోట్లు మార్చుకొంటే మొత్తం 22గానే ఉంటుంది, తప్పు తప్పించుకొంటుంది. అందుచేత ప్రతి అంకెను దాని వరుస సంఖ్యతో గుణించి కలుపుదాము. మొదటి వరుసకు 4×1 + 7×2 + 2×3 + 9×4 = 60. చోట్లు మారిన వరుసకు 7×1 + 4×2 + 2×3 + 9×4 = 57. తప్పు దొరికింది. ఆధారు సంఖ్యలోని పన్నెండవ అంకె ఇటువంటి కాపలా అంకెయే. మొదటి పదకొండు అంకెలనుండి వెర్హాఫ్ పద్ధతిలో దానిని లెక్కకట్టుతారు.

ఫోటో ఫైలులో లక్షలాది బైట్లుంటాయి గనుక ఇంకా బలమైన లెక్క కావలెను. ఎస్‌హెచ్‌ఏ–256 అనే పద్ధతి ఫైలులోని బైట్లన్నిటినీ కలిపి నూరి, 64 అక్షరాలతో వ్రాయగల ఒక సంఖ్యను ఇస్తుంది. దీనిని ఆ ఫైలు వేలిముద్ర అనవచ్చు. ఫైలులో ఒక్క బిట్టు మారినా వేలిముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ప్రతి చిత్రం వేలిముద్రనూ ఒక పట్టికలో వ్రాసి ఉంచితే, ఏడాది తరువాత కంప్యూటరు తిరిగి లెక్కించి, ఏ చిత్రం చెడినదో నిమిషాలలో చెబుతుంది. చెడినదాని స్థానంలో మరొక డిస్కులోని మంచి ప్రతిని ఉంచవచ్చు. తాటాకు లేఖకునికి లేని వసతి ఇది. ఆయన చేసిన పొరపాటు తరువాతి ప్రతులన్నిటిలోకీ పాకేది. ఈ లెక్క చేసే సాధనాలు విండోసు, లినక్సు కంప్యూటర్లలో సిద్ధంగానే ఉన్నవి.

చదివే యంత్రం ఉండవలెను

అంకెలు చెక్కుచెదరకపోయినా, వాటిని చదవగల యంత్రం లేకపోతే ప్రయోజనం లేదు. ఇంగ్లండులో 1086లో డూమ్స్‌డే గ్రంథం పేర భూముల లెక్క తయారైనది. దాని 900వ ఏడు సందర్భంగా 1986లో బీబీసీ సంస్థ, వేలాది పాఠశాలల పిల్లల సాయంతో, నాటి దేశస్థితిని ఫోటోలతో, వ్రాతలతో లేజరు డిస్కులపై ఎక్కించింది. 2002 నాటికే ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయినవి. తోలుకాగితంపై వ్రాసిన 900 ఏండ్ల నాటి గ్రంథం చదువుటకు వీలుగా ఉండగా, పదహారేండ్ల నాటి డిస్కు చిక్కులో పడినది. పరిశోధకులు పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము వ్రాసి దానిని తిరిగి చదివించినారు. 2011లో ఆ సమాచారాన్ని ఇంటర్నెట్టులో పెట్టగా, ఆ సైటు కూడ 2018లో మూతపడినది. ఐతే అప్పటికి దాని ప్రతి బ్రిటిషు జాతీయ ఆర్కైవ్సులో ఉన్నది.

తెలుగు పాఠకులకు దగ్గరి నిదర్శనం కూడ ఉన్నది. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో ఒకప్పుడు టైపుచేసిన తెలుగు ఫైళ్ళను, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్యను నిర్ణయించిన యూనికోడులో వ్రాసిన తెలుగుకు ఈ చిక్కు లేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన వ్రాతప్రతులలోని గోండి లిపికి కూడ 2018లో యూనికోడులో స్థానం లభించింది. దానివల్ల గోండి మాటలను ఆ లిపిలోనే వ్రాసి భద్రపరచడానికి దారి ఏర్పడింది.

చిత్రాల విషయంలోను ఇదే న్యాయం. ఒక్క కంపెనీ యంత్రానికే తెలిసిన రూపంలో కాక, జేపెగ్, టిఫ్ వంటి అందరికీ తెలిసిన రూపాలలో ఉంచవలెను. డిస్కు పాడు కాకపోయినా, అయిదారేండ్లకొకసారి కొత్త డిస్కుకు మార్చవలెను.

చిత్రానికి చిరునామా

పేరులేని చిత్రం ఎంత భద్రంగా ఉన్నా సగం పోయినట్లే. హైమన్‌డార్ఫ్ చిత్రాలకు విలువ వచ్చినది వాటితోపాటు ఊరు, కాలం, సందర్భం తెలిపే వ్రాతలుండడంవల్ల. కెమెరా ప్రతి ఫైలులోను తీసిన తేదీ, గంట వంటివాటిని తనంతట తానే వ్రాస్తుంది. కాని ఎవరు, ఎక్కడ, ఎందుకు అనేవి మనిషే వ్రాయవలెను.

స్థలం పేరు వ్రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. హైమన్‌డార్ఫ్ కాలంలో మార్లవాయి ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి అది కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోనిది. అట్లే వేములవాడ కరీంనగరు నుండి విడిపోయి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాత్రమే వ్రాస్తే రేపటివారు తికమకపడతారు. గ్రామం, మండలం, జిల్లా మూడూ వ్రాయడం క్షేమం.

తేదీని 2024–01–26 అన్నట్లు సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర వచ్చేటట్లు ఫైలు పేరు మొదట ఉంచవలెను. కంప్యూటరు పేర్లను ఎడమవైపు నుండి పోల్చి వరుసపెడుతుంది. రోజు ముందుంటే 1999 నాటి చిత్రం, 2024 నాటి చిత్రం కలగలిసిపోతాయి. సంవత్సరం ముందుంటే అవి తమంతట తామే కాలక్రమంలో నిలుస్తాయి.

పాఠశాలలో చేయదగిన పని

ఒక ఉన్నత పాఠశాలలో ఏటా 500 ఎంపిక చేసిన చిత్రాలు భద్రపరుస్తారనుకొందాము. ఒక్కొక్కటి 4 మెగాబైట్ల చొప్పున ఏడాదికి 2,000 మెగాబైట్లు, అంటే 2 గిగాబైట్లు. 25 ఏండ్లకు 50 గిగాబైట్లు. ఇది గోరంత కార్డులో పట్టే మొత్తం. కొరత చోటుకు గాని, డబ్బుకు గాని కాదు. ఎంపికకు, క్రమానికి, ఏటా ఒక పూట శ్రద్ధకు.

ఆ పూటను ఏదైనా ఒక నియత దినానికి, ఉదాహరణకు జనవరి 26 తరువాతి శనివారానికి, కట్టుబరచుకోవచ్చు. ఆ రోజున విద్యార్థులు గడచిన ఏడాది చిత్రాలలో మంచివి ఏరి, పేర్లు పెట్టి, పెద్దలనడిగి వివరాలు వ్రాస్తారు. వేలిముద్రల పట్టిక తయారుచేస్తారు. పాత డిస్కులను ఆ పట్టికతో సరిచూస్తారు. ఒక డిస్కు బడిలోను, రెండవది మరొక ఊరిలోని బడిలోను ఉంచి, మూడవ ప్రతిని క్లౌడులో ఉంచుతారు. ఖాతా వివరాలు ఒక్క ఉపాధ్యాయుని జ్ఞాపకంలో ఉంటే చాలదు. బదిలీ అయినప్పుడు అవి ఆయనతోనే వెళ్ళిపోతాయి. వాటిని ప్రధానోపాధ్యాయుని వద్ద మూసిన కవరులో ఉంచడం మంచిది. చిత్రాలలో ఉన్నవారి అనుమతి లేకుండా, ముఖ్యంగా పిల్లల చిత్రాలను, బహిరంగంగా పెట్టరాదు. భద్రపరచడం వేరు, ప్రకటించడం వేరు.

గణితం, విజ్ఞానశాస్త్రం, చరిత్ర మూడూ ఈ పనిలో కలిసివస్తాయి. వేలిముద్ర లెక్కను గణితపు తరగతిలోను, ఎలక్ట్రాన్ల గదులను భౌతికశాస్త్రంలోను, ఊరి పెద్దల మాటలను సాంఘికశాస్త్రంలోను బోధించవచ్చు. ఒక చిన్న ప్రయోగంతో దీనిని ప్రారంభించవచ్చు. ఒక ఫోటో ఫైలుకు రెండు నకళ్ళు తీసి, మూడింటి వేలిముద్రలు లెక్కించండి. మూడూ ఒక్కటిగానే ఉంటాయి. తరువాత ఒక నకలును తెరచి, మూలన ఒక్క చుక్క రంగు మార్చి భద్రపరచండి. కంటికి తేడా కనిపించదు. వేలిముద్ర మాత్రం పూర్తిగా మారుతుంది. చిత్రం చెడడం ఎంత నిశ్శబ్దంగా జరుగుతుందో, దానిని పట్టుకోవడం ఎంత తేలికో ఈ ప్రయోగం చూపుతుంది.

మార్లవాయి పాత చిత్రాలను కాపాడడానికి ఒక సంస్థ, ఒక గ్రంథాలయం, జీతాలు తీసుకొనే ఉద్యోగులు కావలసి వచ్చినవి. ఈనాటి చిత్రాలకు అంత ఏర్పాటు లేకపోయినా, రెండు డిస్కులు, ఒక పట్టిక, ఏటా ఒక పూట చాలును. ఆ పూట తప్పకుండా జరిగే ఊరి ముఖం మాత్రమే రాబోయే శతాబ్దికి కనిపిస్తుంది.